రేపే వెళ్ళిపోయే దోన్యా తోమాసినా

మా సందులో దోన్యా తోమాసినా పదిహేనేళ్ళ పాటు రేపే వెళ్ళిపోతూ ఉండేది. రేపు కాకపోతే ఎల్లుండి. వచ్చే నెల అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. ప్రయాణం పెట్టుకున్న మనిషికి అంత దూరం ఆలోచించే తీరికెక్కడిది? పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఎదురింటి వాళ్ళకి, పక్కింటి వాళ్ళకి, చేపలమ్మేవాడికి, వాడి గాడిదకి కూడా వీడ్కోలు చెప్పేది. మర్నాడు అదే గుమ్మంలో అదే కప్పుతో నిలబడి, "వాళ్ళింకా పిలవలేదు" అనేది. గాడిద కూడా ఆశ్చర్యపోవడం మానేసింది.

ఆవిడ చెల్లెలు నెరేయ్దా సముద్రం అవతల, పోర్టోరికోలో మయాగ్వెస్ అనే ఊళ్ళో ఉంటుంది. అక్కడి మనిషిని పెళ్ళాడి, అక్కడి పౌరసత్వం పుచ్చుకుని, పుచ్చుకున్న నెలలోనే మా అక్కని కూడా నా దగ్గరికి రానివ్వండి అని అర్జీ పెట్టింది. ఇక్కడి కాగితాలు తయారు చేసింది నేను. మా ద్వీపం అంచునున్న బారహోనా ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, సందు మొదట్లోనే నా కొట్టు. జెరాక్సులు తీస్తాను, అర్జీలు నింపుతాను, వీసా ఫొటోలో చెవులు రెండూ కనబడుతున్నాయో లేదో చూసి చెబుతాను. ఆ కాగితాలు కవర్లో పెట్టి అంటిస్తుంటే దోన్యా తోమాసినా అడిగింది.

"ఎన్నాళ్ళు పడుతుంది, ఔరేలియో?"

"తోబుట్టువుల అర్జీ కదా, దోన్యా, కాస్త ఆలస్యమే. పదేళ్ళు దాటొచ్చు."

"సరే అయితే," అంటూ గబగబా లేచింది. "ఇంటికెళ్ళి సామాను సర్దుకోవాలి."

అప్పటికి ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు, దోన్యా అని, అంటే అమ్మగారూ అని, పిలిపించుకునే వయసే. బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "కొలతలు సరిపోలేదు" అనేది.

ప్రతి నెలా అక్కడి ప్రభుత్వం వాళ్ళు ఒక జాబితా వేస్తారు, ఫలానా తారీఖు దాకా పెట్టిన అర్జీల వంతు వచ్చిందని. ఆ జాబితా వచ్చే రోజు నేను కొట్టు తెరిచేసరికి దోన్యా తోమాసినా తలుపు ముందు నించుని ఉండేది.

"చూడు."

"తొమ్మిది రోజులు ముందుకు జరిగింది, దోన్యా."

"నెలకి తొమ్మిది రోజులా? మిగతా ఇరవై ఒక్క రోజులూ ఏం చేస్తున్నారట?"

ఒక నెల తారీఖు జరగనే లేదు. ఇంకో నెల ఏకంగా ఏడాది వెనక్కి పోయింది. నేను కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాను.

"వెనక్కి ఎలా పోతుంది?" అంది. "రొట్టెల కొట్టు దగ్గర వరసలో నించున్నాననుకో. నేనెప్పుడైనా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మా ఇంట్లోకి పోయి పడ్డానా?"

"జనం ఎక్కువయ్యారట, దోన్యా."

ఆవిడ ఒక నిమిషం గోడకేసి చూసింది. తర్వాత ముఖం వెలిగిపోయింది.

"అర్థమైందిలే. దూకేవాడు ముందు నాలుగడుగులు వెనక్కి వేస్తాడా లేదా? ఇదీ అంతే. ఇప్పుడొక్క దూకు దూకుతుంది చూడు. నేను రేపే వెళ్ళిపోతున్నాను!"

నాతోనే మొదలుపెట్టి, సందు చివరిదాకా అందరినీ కావలించుకుంటూ పోయింది. వీడ్కోలు చెప్పడంలో ఆవిడకి సాటి లేదు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని మన చెంపలు రెండు చేతుల్లో పట్టుకునేది. ఎన్నోసారో తెలిసి కూడా మనమూ కళ్ళు తుడుచుకునేవాళ్ళం. చర్చి ఫాదర్ రెండుసార్లు ఆవిడ ప్రయాణం కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించాడు. మూడోసారి అడిగితే, "అమ్మా, ఈసారి అక్కడ దిగాక కబురు పెట్టు. చేరినందుకు చేయిస్తాను" అన్నాడు.

వీడ్కోలుతో ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పోయే మనిషికి సామాను దేనికని ఇంట్లో వస్తువులు ఇచ్చేసేది. పోనీ, ఇచ్చేసి ఊరుకునేదా? కొన్నాళ్ళకి ఆ గుమ్మంలోనే ప్రత్యక్షమై, "వాళ్ళింకా పిలవలేదు. నాది నాకిచ్చెయ్" అనేది. మా సందులో ఆవిడ సామాను ఒక చోట ఉన్న రోజు నాకు గుర్తు లేదు.

జాబితా ఏడాది వెనక్కి పోయిన ఆ రోజు సాయంత్రం ఆవిడ తన మంచం ఇచ్చేసింది. ఇచ్చింది యోకాస్తాకి. యోకాస్తా అప్పుడే మొగుడితో సందు చివరి గదిలో అద్దెకి దిగింది. పురుడు దగ్గరపడ్డ పిల్ల, సిమెంటు నేల మీద చాప పరుచుకుని పడుకునేది. కానీ ఉప్పురాయి కూడా ఎవరినీ అడిగే రకం కాదు. ఎవరైనా గిన్నెలో కూర పెట్టిస్తే, మేమిప్పుడే తిన్నామండీ అని తలుపు వేసేసేది.

"నాకెందుకు, దోన్యా?" అంది మంచం చూసి. "చాప నడుముకి మంచిదట."

"నీ నడుము గొడవ నాకెందుకే? ఇది నా మంచం గొడవ. నేను రేపు వెళ్ళిపోతే ఇంటికి తాళం పడుతుంది. తాళం పడ్డ ఇంట్లో చెదపురుగులు పడతాయి. ఇది మా అమ్మ పడుకున్న మంచం. మా అమ్మ మంచం పురుగులకి పెట్టమంటావా?"

"అయ్యయ్యో, నేనెందుకంటాను!"

"అయితే ఆ కాళ్ళ వైపు పట్టుకో. కాదు, నువ్వు కాదు, నీ మొగుణ్ణి పట్టుకోమను. నువ్వు పక్కకి తప్పుకుని దారి చెప్పు."

ఆ పిల్ల ఆ మంచం మీదే ఆడపిల్లని కంది. దోన్యా తోమాసినా అయిదు నెలల పాటు యూనిఫారాల గుడ్డ ముక్కల మూట మీద పడుకుంది. యోకాస్తా మొగుడికి పంచదార మిల్లులో పని దొరికి, వాళ్ళు కొత్త మంచం దింపుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ అక్కడ హాజరు.

"వాళ్ళింకా పిలవలేదు. నా మంచం నాకు పడెయ్. నేల మీద పడుకుని పడుకుని నా నడుము మూలుగుతుంటే మయాగ్వెస్ దాకా వినబడుతోంది!"

సందంతా నవ్వింది. డొమినోలు ఆడేవాళ్ళు ఆట ఆపి మరీ చూశారు. నేనూ నవ్వాను. "చూశావా," అన్నాను మా ఆవిడ దిలేనియాతో, "ఎదుటివాళ్ళకి కొత్తది వచ్చేసరికి ఈవిడకి పాతది గుర్తొస్తుంది."

ఇంకోసారి ఫ్రిజ్ ఇచ్చేసింది. అది ప్లాసిదో మాస్టారికి. ఆయన నలభై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరివాడు, నిక్కచ్చి. అగ్గిపుల్ల తీసుకుంటే అగ్గిపుల్ల తిరిగిచ్చేవాడు, అదీ వెలిగించనిది. చక్కెర జబ్బుకి రోజూ ఇన్సులిన్ పొడుచుకునేవాడు. ఆయన ఇంట్లోకి ఫ్రిజ్ చేర్చడానికి దోన్యా తోమాసినాకి ఒక పూటంతా పట్టింది.

"నేను ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోను, దోన్యా తోమాసినా. మీకు తెలుసు."

"ఊరికే ఎవరిస్తున్నారు మాస్టారూ? ఇది కాపలా పని. తలుపు మూసి వదిలేస్తే ఫ్రిజ్ లోపల బూజు పట్టి పాడైపోతుంది, ఎవరో ఒకరు వాడుతూ ఉండాలి. మీకు కుదరదంటే చెప్పండి, వేరేవాళ్ళని బతిమాలుకుంటాను. రేపు పొద్దున్నే నా ప్రయాణం!"

మాస్టారు చివరికి ఒక కాగితం తీసి, "దోన్యా తోమాసినా ప్రయాణ కారణంగా వారి ఫ్రిజ్‌కు కాపలా ఉండుటకు అంగీకరించితిని" అని రాసి, సంతకం పెట్టి, ఆవిడ చేతికిచ్చి, అప్పుడు తీసుకున్నాడు.

ఆ నాలుగు నెలలూ దోన్యా తోమాసినా చల్లటి నీళ్ళకి మా ఇంటికొచ్చేది. వచ్చి, తాగి, మా ఫ్రిజ్‌కి వంకలు పెట్టేది. "దిలేనియా, మీ దాంట్లో నీళ్ళు చేప వాసన. నా ఫ్రిజ్ ఇలా ఉండేది కాదు." మాస్టారు కొత్త ఫ్రిజ్ కొన్న మర్నాడు, సందులో అందరికీ వినబడేలా, "కాపలా ఇంక చాలు!" అని కేకేసి తన పాతది తోయించుకుపోయింది.

నా సంగతీ చెప్పాలి. ఒక ఏడు తుఫాను మా కొట్టు రేకుల కప్పుని ఎత్తుకుపోయి సముద్రానికి ఇచ్చేసింది. కంప్యూటర్ మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద నేను కూర్చున్నాను. అంతలో దోన్యా తోమాసినా వచ్చింది.

"ఔరేలియో, నేను రేపు వెళ్ళిపోతున్నాను. ఇల్లు ఖాళీగా ఉంటే దొంగలు పడతారు. నీ యంత్రాలు తెచ్చి మా ముందు గదిలో పెట్టు. మనుషులు తిరుగుతున్నట్టు ఉంటుంది."

ఏడు నెలలు అక్కడే నడిపాను. ఆవిడ వెళ్ళలేదు సరికదా, నా వెనకే కుట్టుమిషన్ వేసుకుని కూర్చుని, నా దగ్గరికి వచ్చినవాళ్ళందరికీ సలహాలు చెప్పేది. "ఈ ఫొటో పెట్టకు నాయనా, ఇందులో నువ్వు పారిపోయి వచ్చినవాడిలా ఉన్నావు." "ప్రయాణం దేనికి అంటే అంతసేపు ఆలోచిస్తావేంటి? అత్తగారిని చూడ్డానికి అను. అత్తగారిని చూడ్డానికి పోతానంటే అబద్ధమని ఎవరూ అనుకోరు." కొత్త కప్పుకి చివరి మేకు కొట్టిన రోజు మధ్యాహ్నం నన్ను వెళ్ళగొట్టింది.

"తీసెయ్ నీ యంత్రాలు! ఈ రొదకి నా చెవులు పోతున్నాయి. వాళ్ళు పిలిస్తే కూడా వినబడదు."

నాకు చాలా కోపం వచ్చింది. పదిహేను రోజులు పలకరించలేదు. ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే నాకు వీడ్కోలు చెబుతూనే ఉంది.

పదిహేనో ఏట, ఒక మంగళవారం, నిజంగానే పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకి ఫలానా రోజు మా రాజధానిలో ఉన్న వాళ్ళ వీసా ఆఫీసుకి రమ్మని. ఆవిడ కాగితం పట్టుకుని సందంతా తిరిగింది. ఒక్కరూ నమ్మలేదు.

"రేపేనా, దోన్యా?" అన్నారు డొమినోలవాళ్ళు తలెత్తకుండా.

"రేపు కాదు. పంతొమ్మిదో తారీఖున."

అప్పుడు అందరూ తలలెత్తారు. పదిహేనేళ్ళలో ఆవిడ నోట ఒక తారీఖు రావడం అదే మొదలు.

నేనూ తోడు వెళ్ళాను. తెల్లవారుజామున బస్సెక్కి నాలుగు గంటలు ప్రయాణం చేశాం. నేను బయట గోడ నీడన కూర్చున్నాను. ఆవిడ తానే కుట్టుకున్న నీలం గౌనులో లోపలికి వెళ్ళి, గంటన్నర తర్వాత పెదవులు బిగించుకుని వచ్చింది.

"ఏమడిగారు?"

"నెరేయ్దా నా చెల్లెలే అనడానికి ఆధారం ఏమిటి అన్నాడు. ఇదిగో అని ముక్కు చూపించాను."

"ముక్కా?"

"ఇద్దరిదీ మా నాన్న ముక్కే కదా! దాని ఫొటో అక్కడే కాగితాల్లో ఉంది, పక్కపక్కన పెట్టి చూసుకో నాయనా అన్నాను. కాగితం కావాలన్నాడు. ముక్కుకి కాగితం ఎవరిస్తారు?"

అసలు చిక్కు ఆవిడ పుట్టుక కాగితంలో ఉంది. వాళ్ళ నాన్న ఆవిడ పుట్టుకని ఆవిడకి పంతొమ్మిదేళ్ళు వచ్చాక గానీ రాయించలేదట. ఏమయ్యా అంటే, "పుట్టిందని ఊరందరికీ తెలుసుగా" అన్నాడట. నిర్ణయం ఉత్తరంలో వస్తుందని చెప్పి పంపేశారు.

ఇక అప్పుడు మొదలైంది అసలైన ఎదురుచూపు. పదిహేనేళ్ళు ఆడుతూ పాడుతూ గడిపేసిన మనిషి ఈ ఏడు వారాలకి కుదేలైపోయింది. ముందుగా వీడ్కోళ్ళు ఆగిపోయాయి. పొద్దున్న కాఫీ కప్పుతో గుమ్మంలోకి వస్తుంది, అటూ ఇటూ చూస్తుంది, లోపలికి పోతుంది. చేపలవాడు రెండు రోజులు చూసి మూడో రోజు నన్నడిగాడు.

"ఆవిడకి మా మీద కోపమా అన్నా? గాడిద దిగులు పెట్టుకుంది."

సందంతా తిక్కతిక్కగా తయారైంది. వీడ్కోలు అందుకోకుండా పనికి వెళ్ళడం ఎవరికీ అలవాటు లేదు. యోకాస్తా కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి, "ఏం దోన్యా, రేపు వెళ్ళడం లేదా?" అని అడిగితే, "నీకేం పని లేదా?" అని కసిరిందట.

నా కొట్టుకి రోజూ వచ్చేది. ఉత్తరం సంగతి మాత్రం ఎత్తేది కాదు. కరెంటు బిల్లు నా ముందు పెట్టి, "దీనికో జెరాక్స్ తియ్యి" అనేది. నేను తీస్తున్నంతసేపూ ఓరకంట కంప్యూటర్ వైపు చూసేది. ఒక వారంలో ఆ ఒక్క బిల్లుకే పదకొండు తీశాను.

"పరిశీలనలో ఉందనే చూపిస్తోంది, దోన్యా," అన్నాను చివరికి.

"నేనడిగానా?"

"అడగలేదు."

"మరి?" అని, గొంతు తగ్గించింది. "ఔరేలియో, మయాగ్వెస్‌లో నెరేయ్దా నాలుగో అంతస్తులో ఉంటుందట."

"మంచిదేగా, గాలి బాగా వస్తుంది."

"నాలుగో అంతస్తులో గుమ్మంలో నిలబడితే దారిన పోయేవాళ్ళు కనబడతారా?"

"గుమ్మంలోంచి కనబడరు. కిటికీలోంచి కనబడొచ్చు."

"కిటికీలోంచి కేకేస్తే పలుకుతారా?"

నేను పన్నెండో జెరాక్స్ తీసిచ్చాను.

ఏడో వారం చివర, శుక్రవారం పొద్దున ఉత్తరం వచ్చింది. అంతకుముందు రోజే మా సందులో కరెంటు పోయి, మళ్ళీ వచ్చినప్పుడు ఎక్కడలేని ఊపుతో వచ్చి నాలుగిళ్ళలో బల్బులు పేల్చింది. ఆ గోలలో ఎవరి నష్టాలు వాళ్ళు చూసుకుంటుంటే, దోన్యా తోమాసినా కవరు పట్టుకుని నా కొట్టులోకి వచ్చి తలుపు వేసింది.

"చదువు. లోపల చదువుకుని నాకు చెప్పు. ముఖం మాత్రం ఏం పెట్టకు."

ముఖం ఏం పెట్టకుండా చదవడం నా వల్ల కాలేదు. ఇచ్చిన పత్రాల వల్ల ఇద్దరూ తోబుట్టువులని రుజువు కాలేదని, అర్జీ తిరస్కరించామని ఉంది.

ఆవిడ బెంచీ మీద కూర్చుంది. తన ముక్కుని వేలితో ఒకసారి తడుముకుంది. ఆ మాట విన్నాక అది అక్కడే ఉందో లేదో చూసుకున్నట్టు.

నెరేయ్దాకి ఫోన్ కలిపాను. చెల్లెలి గొంతుకి కొట్టంతా దద్దరిల్లింది.

"మనం అక్కచెల్లెళ్ళం కామా? మరి చిన్నప్పుడు నా జడ పట్టుకుని గుంజింది ఎవరు, పక్కింటావిడా? చాలించక్కా ఇంక! పదిహేనేళ్ళ నుంచి నేనొస్తానంటే, వద్దు వద్దు, నేను రేపే బయల్దేరుతున్నా, దారిలో ఒకర్నొకరం దాటిపోతాం అన్నావు. నీ మాట నమ్మి ఇక్కడే కూర్చున్నా. వచ్చే నెల నేనే వస్తున్నా!"

"నువ్వొస్తావా?"

"రాక? నా ముక్కు కూడా తెస్తున్నా. సందులో వాళ్ళందరినీ చూడమను!"

ఫోన్ పెట్టేశాక దోన్యా తోమాసినా కళ్ళు తుడుచుకుంది. ఎంత వెతికినా ఆ ముఖంలో దిగులు కనబడలేదు. గుండెల మీదనుంచి ఏదో బరువు దింపుకున్న మనిషిలా ఉంది. అంతలోనే ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఔరేలియో, ఈ ఉత్తరం సంగతి సందులో ఎవరికీ తెలియకూడదు."

"ఇందులో సిగ్గుపడాల్సిందేముంది, దోన్యా? తప్పు మీది కాదుగా."

"సిగ్గెవడిక్కావాలి? నిన్న కరెంటు దెబ్బకి మాస్టారి ఫ్రిజ్ కాలిపోయింది. ఇన్సులిన్ సీసాలు నీళ్ళ కుండలో పెట్టుకున్నాడు. గోడ మీదనుంచి చూశాను. ఇవాళ నా ఫ్రిజ్ ఆయనకి చేర్చాలి. నేను వెళ్ళడం లేదని తెలిస్తే తీసుకుంటాడా ఆ మహానుభావుడు?"

నాకు యోకాస్తా చాప గుర్తొచ్చింది. తర్వాత దుప్పటి మీద కూర్చున్న నేను గుర్తొచ్చాను.

"దోన్యా, మరి నా కప్పు ఎగిరిపోయినప్పుడు..."

"ఏం?"

"దొంగల భయమని మీ ముందు గది ఇచ్చారు."

"నా ఇంట్లో దొంగలు ఎత్తుకుపోయేదేముంది, వెర్రివాడా? పాపం ఔరేలియో, రా, మా ఇంట్లో పెట్టుకో అంటే వచ్చేవాడివా నువ్వు? మీసం ఇంతెత్తున లేచేది."

"మరి చివర్లో వెళ్ళగొట్టారు!"

"వెళ్ళగొట్టకపోతే వెళ్తావా? మొహమాటపడి, ఏం పెడదామా, ఏం చేద్దామా అని నా చుట్టూ తిరిగేవాడివి. నువ్వు నన్ను తిట్టుకుంటూ వెళ్ళావు. ఇద్దరం సుఖంగా ఉన్నాం."

పదిహేను రోజులు పలకరించకుండా తిరిగిన సంగతి గుర్తొచ్చి, నేను లేని పని కల్పించుకుని జెరాక్స్ యంత్రం తుడిచాను. ఆవిడ బెంచీ మీద ముందుకు జరిగింది.

"అది సరే. ఇప్పుడు ఇంకో అర్జీ పెట్టాలి. ఎలా?"

"దారి ఉంది, దోన్యా," అన్నాను హుషారుగా. "మీ ఇద్దరికీ రక్తపరీక్ష చేయించి ఆ రుజువు పంపిస్తే, ఆరు నెలల్లో తేలిపోతుంది."

"ఆరు నెలలా?" ఆవిడ ముఖం చిట్లించింది. "అంత తొందరైతే ఎలా? నిదానంగా అయ్యేదేం లేదా?"

"ఉంది. చెల్లెలు మళ్ళీ మొదటినుంచి కొత్త అర్జీ పెడితే, వరసలో చివరికి పోతారు. పదిహేడేళ్ళు పట్టొచ్చు."

"ఖాయంగానా?"

"మధ్యలో వెనక్కి పోతే ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"అది పెట్టు," అంది దోన్యా తోమాసినా. లేచి, గౌను సవరించుకుని, తలుపు తీసి, సందులోకి అడుగుపెట్టి, ఏడు వారాలుగా మూగబోయిన గొంతుని ఒక్కసారిగా విప్పింది. "మాస్టారూ! ప్లాసిదో మాస్టారూ! తలుపు తియ్యండి, నాకట్టే టైము లేదు. నేను రేపే వెళ్ళిపోతున్నాను!"

డొమినోలవాళ్ళు చప్పట్లు కొట్టారు. యోకాస్తా గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి కావలించుకుంది. మాస్టారు మాత్రం ఫ్రిజ్ లోపలికి తోస్తుండగా నా వైపు తిరిగి, "నిజమేనా ఔరేలియో? వీసా వచ్చిందా?" అన్నాడు. నలభై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న కళ్ళు అవి.

"వరసలో ఉన్నారు మాస్టారూ," అన్నాను. "ఏ క్షణమైనా పిలవొచ్చు."

నెరేయ్దా వచ్చింది. ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని సందులో నడుస్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి రెండు ముక్కుల్నీ చూసి, ఆ ఆఫీసువాళ్ళ కళ్ళజోళ్ళు మార్చాలని తీర్మానించారు. నెల్లాళ్ళుండి, అక్క పెట్టిన తిండికి రెండు గౌన్లు బిగుతై, వాటిని అక్క చేతనే వదులు చేయించుకుని వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే కొత్త అర్జీ పెట్టింది.

పోయిన నెల యోకాస్తా తన గుమ్మం ముందు బల్ల వేసుకుని పళ్ళరసం అమ్మడం మొదలుపెట్టింది. బొప్పాయి, పుల్లటి చినోలా పళ్ళు చేత్తో పిసుకుతోంది. మొన్న ఆదివారం మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

"ఏమయ్యా, మిక్సీ కనబడదేం?"

"యోకాస్తాకి ఇచ్చాను. వాడకుండా పడేస్తే తుప్పు పడుతుంది కదా, మనం వెళ్ళిపోయాక."

దిలేనియా చేతిలో గరిటెతో బయటికి వచ్చింది. "వెళ్ళిపోవడమా? ఎక్కడికి?"

"కెనడాకి," అన్నాను.

"ఎప్పుడు?"

నేను గుమ్మంలోకి వచ్చి, కాఫీ ఒక గుక్క తాగి, సందు అటు చివరిదాకా ఒకసారి చూసి, రేపేనన్నాను.